పలకని పడమర

గద్దలు గుంపుగా తిరుగుతున్నాయని హెలికాప్టర్ నడిపే డెస్ చెప్పబట్టి తెలిసింది గానీ, లేకపోతే విల్గా డౌన్స్ పశువుల ఎస్టేటు పడమటి బీళ్లలో ఆవులు చచ్చిన సంగతి ఇంకో వారానికి కూడా ఎవరికీ తెలిసేది కాదు. నిన్న సాయంత్రం నెవిల్ బ్రాడక్ బండేసుకుని నైన్‌మైల్ తొట్టి దగ్గరికి వెళ్లాడు. బోరు పంపు ఆగిపోయింది. తొట్టి అడుగున బురద ఎండి పెచ్చులు లేచింది. ఆవులు దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి ఒరిగి పడి ఉన్నాయి. కొన్ని తల తొట్టిలో పెట్టి అలాగే చచ్చాయి.

అక్కణ్ణుంచి కూలిబా గుడిసె గంట దారి. అందులో ఆల్బీ మన్రో ఉంటున్నాడు. ముప్పయ్యేళ్లు ఆ ఎస్టేటులో వారానికి రెండుసార్లు ప్రతి బోరూ, ప్రతి తొట్టీ తిరిగి చూసిన మనిషి. తొట్లకు నీళ్లు కొలిచి కబురు పంపే డబ్బాలు బిగించాక నెవిల్ అతణ్ణి పనిలోంచి తీసేశాడు. రేడియో ఉన్న బండిని వెనక్కి తీసుకున్నాడు. పోవడానికి చోటు లేనివాణ్ణి గుడిసెలో ఉండనిచ్చాడు. అది దయ అనుకున్నాడు.

నిన్న ఆ గుడిసె దాకా వెళ్లవలసింది. వెళ్లలేదు. పొద్దు వాలుతోందని తనకు తానే చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. తొట్టి ఎండిపోయిందన్న మాట ఆల్బీ మొహం ముందు నిలబడి చెప్పడానికి అతనికి కాళ్లు రాలేదు.

ఇంటికొచ్చి వంటింటి గోడకు తగిలించిన తెర చూశాడు. నైన్‌మైల్ పేరు ఎదురుగా పచ్చ చుక్క. కూలిబా ఎదురుగా పచ్చ చుక్క. పడమరంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనం చూసి అతనికి ఒళ్లు మండిపోయింది. డబ్బాలు బిగించిన టామ్సిన్‌కు ఫోన్ చేసి, "రా" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

ఆమె రాత్రంతా నడుపుకుంటూ తెల్లారేసరికి వచ్చింది.

* * *

ఈగల జాలీ తలుపు తోసుకుని టామ్సిన్ లోపలికి వచ్చేసరికి నెవిల్ తెర కింద నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు. ఆమె చచ్చిపోయిన అతని భార్య మెర్ల్‌కు చెల్లెలి కూతురు. చిన్నప్పుడు సెలవులన్నీ ఈ వంటింట్లోనే గడిపింది. కప్పులు ఎక్కడుంటాయో తెలుసు. తనే తీసుకుని టీ పోసుకుంది.

"ఏవమ్మా ఇంజినీరమ్మా. ఇదేం రంగు?" నెవిల్ తెర మీద వేలు పెట్టాడు.

"పచ్చ."

"పచ్చంటే ఏంటి?"

"పెదనాన్నా, ముందు నన్ను..."

"పచ్చంటే ఏంటని అడుగుతున్నా."

"చెడ్డ కబురేదీ రాలేదని."

"నాకలా చెప్పలేదే నువ్వు. పచ్చంటే నీళ్లున్నాయన్నావు."

"నేననలేదు. నువ్వనుకున్నావు. తొట్లో నీళ్లు తగ్గితే డబ్బా కబురు పంపుద్ది, అప్పుడు ఎర్రగా అవుద్ది అన్నాను. కబురు రాకపోతే పచ్చే. కబురు తెచ్చేవాడు దారిలో చచ్చినా పచ్చే."

"భలే కనిపెట్టావు. గోడకి పచ్చరంగు పూసుకున్నా ఇదే పని చేసేది."

టామ్సిన్ కప్పు బల్ల మీద పెట్టింది. మొహం దుమ్ము కొట్టుకుపోయి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అరవలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. కోపం వచ్చిన కొద్దీ గొంతు తగ్గుతుంది. అందులో మెర్ల్ పోలిక.

"గాలిమర మీద డబ్బా ఏది?" అంది.

ఆమె కిటికీలోంచి చూసింది. దూరంగా రోడ్డు గేటు స్తంభానికి కట్టి ఉంది ఆ డబ్బా.

"ఊరికే కూర్చుంది అక్కడ," అన్నాడు నెవిల్. "నెల్లాళ్లు చూశాను. ఒక్క కబురు మొయ్యలేదు. గేటు దగ్గర పెడితే ఎవడొచ్చేదీ పోయేదీ అన్నా తెలుస్తుందని పీకా."

"ఊరికే కూర్చోలేదు. వంతు కోసం కూర్చుంది."

"డబ్బాకి వంతేంటి?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వాటికున్నది ఇంత బ్యాటరీ. నీళ్లు కొలవడానికి దానికేం ఖర్చు కాదు. మాట్లాడ్డానికే ఖర్చు. దూరానికి అరవాలంటే ఇంకా ఖర్చు. అందుకని పక్కదాని చెవిలో చెప్తుంది, అది దాని పక్కదానికి చెప్తుంది, అలా ఇంటికి చేరతాయి. పడమట నుంచి ఇంటికి రెండు దారులు పెట్టాను. గుట్ట మీద నుంచి ఒకటి, దగ్గరిది. గాలిమర మీదుగా ఒకటి, చుట్టుదారి. గుట్ట మీదది అలిసిపోతే గాలిమరది అందుకోవాలి. అది తేరుకున్నాక మళ్లీ ఇదందుకోవాలి."

"చుట్టుదారిన ఆలస్యమవుతుందన్నాగా. దగ్గరి దారుండగా ఊరంతా తిప్పడం దేనికి?"

"అదే. నువ్వు దగ్గరి దారి ఒక్కటే ఉంచావు. పడమట ఉన్న ప్రతి డబ్బా మాటా గుట్ట మీద దాని నెత్తినే పడింది. అందరి మాటలూ అదే మోసింది. దగ్గరున్నందుకు దానికి శిక్ష. అందరికంటే ముందు అదే పోయింది. అది పోతే దాని వెనకున్నవన్నీ ఎంత అరిచినా మనకి వినపడదు."

నెవిల్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కప్పు ఎగిరి టీ ఒలికింది.

"చచ్చేది చస్తున్నానని చెప్పొచ్చుగా! అంత తెలివైన వస్తువు కదా. పొద్దున్నే ఒకసారి 'ఉన్నాను' అని అంటే ఏం పోయింది దానికి?"

అన్నాక గాని తానేమన్నాడో అతనికి వినపడలేదు.

టామ్సిన్ గుడ్డ తెచ్చి టీ తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"ఆ ఏర్పాటు మొదట నేను పెట్టాను పెదనాన్నా. రోజూ పొద్దున ప్రతి డబ్బా ఒకసారి పలకాలని. పలకనిది ఉంటే దాని చుక్క నల్లగా అవ్వాలని. ఈ బల్ల దగ్గరే కూర్చుని వద్దన్నావు నువ్వు. చెప్పడానికేం లేనప్పుడు మాట్లాడ్డం దేనికి, బ్యాటరీ దండగ అన్నావు. నేను సరేనన్నాను. అది నా తప్పు. నేను గట్టిగా పట్టుబట్టాల్సింది."

నెవిల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ ఏర్పాటు టామ్సిన్ కనిపెట్టింది కాదు. ఈ వంటింట్లోనే పుట్టింది. మెర్ల్ ఉన్నన్నాళ్లూ, రొట్టె పొయ్యిలో పెట్టగానే రేడియో దగ్గర కూర్చునేది. మందల దగ్గర ఉన్న ప్రతి మకాం పేరూ పిలిచేది. పిలిచిన పేరల్లా పలకాలి. ఏమీ లేకపోయినా సరే, "ఉన్నామమ్మా" అనాలి. కుర్రాళ్లు దాన్ని మెర్లమ్మ హాజరు అని ఎగతాళి చేసేవాళ్లు. బడి మానేసినా హాజరు తప్పలేదురా అని నవ్వుకునేవాళ్లు. కానీ ఒక పేరు రెండుసార్లు పిలిచాక పలకకపోతే, మూడోసారి పిలిచేది కాదామె. బండి పంపేది. అలా పంపిన బండి ఒకసారి గుర్రం కింద నలిగిన మనిషిని తెచ్చింది. ఇంకోసారి పాము కరిచినవాణ్ణి తెచ్చింది. చాలాసార్లు ఊరికే నిద్రపోయినవాణ్ణి తిట్టి వచ్చింది. ఆ ఊరికే వెళ్లిరావడాలే నెవిల్ కంటికి కనబడ్డాయి. శాటిలైట్ ఫోన్లు కొన్న ఏడాది హాజరు మానిపించాడు. ఏదన్నా అయితేనే ఫోన్ చెయ్యండి, లేకపోతే నోరు మూసుకోండి అన్నాడు.

మకాములకే కాదు, ఆ మాట ఇంట్లో కూడా చెప్పాడు.

"పెద్దమ్మకీ అదే చెప్పావుగా," అంది టామ్సిన్.

నెవిల్ తల ఎత్తాడు.

"ఎవరన్నారు?"

"అమ్మకి ఫోన్ చేసింది పెద్దమ్మ. నువ్వు మందలు తోలడానికి వెళ్లావు చూడు, ఆ ఆఖరిసారి. అప్పుడు."

"ఏమంది?"

"వద్దులే పెదనాన్నా."

"ఏమందే?"

టామ్సిన్ గొంతు ఇంకా తగ్గింది. "పొద్దున్నుంచి ఎడంచెయ్యి మొద్దుబారినట్టుంది చెల్లీ అంది. నెవిల్‌కి చెప్పవే అంది అమ్మ. 'ఏదన్నా అయితేనే చెయ్యమన్నాడే. ఇది ఏదన్నా కిందికొస్తుందో రాదో తెలీట్లేదు' అందంట."

బయట జనరేటరు ఆగింది. సోలార్‌కు మారినప్పుడల్లా అలా ఆగుతుంది.

మందల మకాంలో ఆ మూడు రోజులూ ఫోన్ మోగలేదు. మోగనందుకు నెవిల్ సంతోషించాడు. సాయంత్రం మంట దగ్గర కుర్రాళ్లతో, చూడండ్రా, మీ పెళ్లాల్లా నా పెళ్లాం గంటకోసారి సతాయించదు అని గొప్పలు కూడా పోయాడు. ఇంటికొచ్చేసరికి మెర్ల్ బట్టలుతికే గదిలో నేలమీద ఉంది. వెంటనే పోలేదని, చాలాసేపు ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. గోడకు తగిలించిన ఫోన్ వైపు నేలమీద తడి బట్ట ఈడ్చిన చార ఉంది. నెవిల్ దాన్ని తనే కడిగాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తను చెప్పిన మాట గోడలకు తప్ప తెలియదనుకున్నాడు. ఈ రెండేళ్లూ మెర్ల్ చెల్లెలు తన మొహం చూసినప్పుడల్లా దేన్ని చూస్తోందో అతనికి ఇప్పుడు తెలిసింది.

"మీ అమ్మన్నా నాకు చెయ్యొచ్చుగా," అన్నాడు.

"చెయ్యాల్సింది. ఆ మాట అని రోజూ ఏడుస్తుంది. నువ్వు ఏడ్వవు కాబట్టి నీ వాటా కూడా తనే ఏడుస్తోంది."

అతనికి ఆ మాటకు కోపం రావలసింది. రాలేదు. తుడవగా మిగిలిన టీ బల్ల సందులోంచి అతని మోకాళ్ల మీద బొట్లుగా పడుతోంది. చూస్తూ కూర్చున్నాడు.

టామ్సిన్ తెర వైపు తిరిగింది. పడమటి చుక్కలు వరసగా చూస్తూ వచ్చి ఒకచోట ఆగింది. "ఇంకో మూడు తొట్లున్నాయి అటు. ముందు వాటి సంగతి చూడాలి. గుట్ట మీద బ్యాటరీ మారిస్తే అన్నీ ఒకేసారి తెలిసిపోతాయి. అటేపు మనుషులెవరూ లేరుగా?"

"ఆల్బీ ఉన్నాడు."

"ఏంటీ?"

"కూలిబా గుడిసెలో."

"ఎందుకున్నాడు అక్కడ? ఒక్కడేనా? రేడియో ఉందా?"

"బండితో పాటు తీసేసుకున్నాను."

"ఎప్పుడు చూశావు అతన్ని?"

"వాడి ట్యాంకు పచ్చగానే..." అన్నాడు నెవిల్. అని ఆగిపోయాడు.

టామ్సిన్ అప్పటికే తలుపు దాటింది.

* * *

డెస్‌కు ఫోన్ చేస్తే అతని భార్య తీసింది. హెలికాప్టర్ ఉత్తరాన ఎక్కడో మందలు తోలుతోందట. సాయంత్రానికి గాని తిరిగి రాదంది. కబురు పెడతానంది. విమానంలో వచ్చే డాక్టర్లకు ఆ గుడిసె దగ్గర దిగడానికి చోటు లేదు. ఇక మిగిలింది బండే.

జనవరి ఎండ, ఇక్కడ నడివేసవి. తొమ్మిదింటికే స్టీరింగు పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. నెవిల్ ఒక్క మాట మాట్లాడకుండా నడిపాడు. ఆల్బీని తీసేసిన రోజు గుర్తొస్తోంది. ఈ బండి పక్కనే నిలబడ్డాడు ఆల్బీ, టోపీ చేత్తో పట్టుకుని.

"డబ్బాలకి దాహం తెలుసా బాస్?" అన్నాడు.

"నీకు తెలిసి ఏం పీకావు?" అన్నాడు నెవిల్.

ఆల్బీ నవ్వాడు. తాళాలు అతని చేతిలో పెట్టాడు. "మెర్లమ్మ ఉంటే నాకు టీ అన్నా ఇచ్చి పంపేది," అన్నాడు. ఆ మాటకే నెవిల్‌కు మండింది. లేకపోతే రేడియో వదిలిపెట్టేవాడేమో.

గుట్ట దారిలోనే ఉంది; ఆల్బీ సంగతి ముందే తెలుస్తుందని ఆగారు. దాని పైకి బండి ఎక్కదు. సగం నుంచి నడిచారు. కొసన ఇనుప స్తంభం, దాని మీద డబ్బా, పైన సోలార్ పలక. పలక మీద డేగలు కూర్చుని రెట్టలు వేశాయి. ఎర్రదుమ్ము వాటి మీద పడి సున్నంలా గట్టిపడింది. ఎండంతా పైనే ఉంది, లోపలికి చుక్క దిగలేదు. ఆల్బీ వారానికి రెండుసార్లు ఈ దారినే పోయేవాడు. తుడవమని అతనికెవరూ చెప్పలేదు. చెప్పకుండానే తుడిచేవాడని టామ్సిన్ అంది.

ఆమె పలక గీకి, బ్యాటరీ మార్చి, కంప్యూటర్‌ను రాతి మీద పెట్టి కలిపింది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత పడమర పలకడం మొదలుపెట్టింది.

ముందు నైన్‌మైల్. నీళ్లు తగ్గుతున్నాయి. నీళ్లు తగ్గుతున్నాయి. నీళ్లు తగ్గుతున్నాయి. అదే మాట, తెర నిండా. వినేవాళ్లు లేక దాచుకున్న కబుర్లన్నీ డబ్బా ఒకేసారి దింపుకుంటోంది. చివరికి, నీళ్లు లేవు. ఆ తర్వాత కూడా చాలా రోజులు, నీళ్లు లేవు. నెవిల్ చదవడం మానేశాడు.

"మిగతా తొట్లు బానే ఉన్నాయి," అంది టామ్సిన్. "కూలిబా వస్తోంది."

గుడిసెకున్నది చిన్న వాన నీళ్ల ట్యాంకు. అక్కడి బోరు నీళ్లు ఉప్పు, పశువులు తాగుతాయి గాని మనిషి తాగలేడు. టామ్సిన్ అడిగితే, డబ్బా కొలిచి దాచుకున్న ఆ ట్యాంకు నీటిమట్టం తెర మీద గీతగా వచ్చింది. రోజుకింత చొప్పున మెట్లు మెట్లుగా దిగుతోంది గీత. పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం. ఒక మనిషి తాగి, వండుకుని, మొహం కడుక్కున్నంత. అంతవరకూ మెట్లే. మొన్న సాయంత్రం నుంచి మెట్లు లేవు. సాపుగా ఉంది.

ఇద్దరికీ అర్థమైంది. ఈ ఎండలో మొన్నటి నుంచి ఆ మనిషి గుక్క నీళ్లు తీసుకోలేదు. నిన్న నెవిల్ నైన్‌మైల్ దగ్గర నిలబడి, పొద్దు వాలుతోందని బండి వెనక్కి తిప్పుకున్నప్పుడు కూడా గీత సాపుగానే ఉంది.

"ఇప్పుడెలా ఉందో అడుగు," అన్నాడు.

"గంటకోసారి కొలిచి దాచుకుంటుంది అది. క్షణక్షణం చెప్పమని అడగొచ్చు. కానీ బ్యాటరీ..."

"చస్తే చావనీ. అడుగు."

ఆమె అడిగింది. డబ్బా పలికింది. గీత కదలలేదు. మళ్లీ పలికింది. కదలలేదు. మళ్లీ పలికింది.

గీత దిగింది.

"తీసుకున్నాడు!" అంది టామ్సిన్. "పెదనాన్నా, నీళ్లు తీసుకున్నాడు. ఉన్నాడు!"

నెవిల్ రాతిమీద కూలబడ్డాడు. మొండి ముసలాడు, అంత తేలిగ్గా చస్తాడా, అనుకున్నాడు. బండి నిండా నీళ్లు తీసుకెళ్లాలి. టీ కాచి ఇవ్వాలి. తాళాలు తిరిగి ఇచ్చేయాలి. ఏమనాలో దారిలో ఆలోచించుకోవచ్చు.

"ఆగట్లేదు," అంది టామ్సిన్.

"ఏది?"

"కప్పుకి పట్టుకుంటే ఇంతసేపు దిగదు. బక్కెట్టుకైనా ఇంతసేపు దిగదు. కుళాయి కట్టలేదు అతను."

నెవిల్ లేచి వచ్చి చూశాడు. గీత నిలువుగా కిందికి పోతోంది. ముప్పయ్యేళ్లలో ఆల్బీ ఒక చుక్క కారనిచ్చిన మనిషి కాదు. ఎక్కడ కుళాయి కారినా నెవిల్‌నే తిట్టేవాడు. అలాంటివాడు తాగే నీళ్లు నేలపాలు చేస్తున్నాడు.

"పడిపోయుంటాడు," అన్నాడు నెవిల్. "విప్పి, కట్టే ఓపిక లేక..."

"కాదు," అంది టామ్సిన్. "ఆ డబ్బా బిగించేటప్పుడు నిచ్చెన పట్టుకుంది అతనే. ఇది ఎప్పుడు మాట్లాడుద్దే పిల్లా అని అడిగాడు. ఇదిగో, ట్యాంకు మీద ఈ గీతకంటే నీళ్లు కిందికి పోతేనే నోరు తెరుస్తుంది, లేకపోతే మూగదే అని నేనే చెప్పాను. తాగడానికి విప్పలేదు పెదనాన్నా. మనల్ని పిలవడానికి విప్పాడు."

నెవిల్ గుట్ట అవతలికి చూశాడు. గిడ్జీ తుమ్మచెట్లు, ఎండమావి, ఏమీ లేదు. గంటన్నర దారి.

"అయితే విన్నామని చెప్పు. కట్టెయ్యమను. పంపు కబురు."

"ఎలా పంపను?"

"ఇప్పుడేగా దాన్ని అడిగావు, అది విందిగా!"

"డబ్బా వింటుంది. ఆ డబ్బా మనిషికి చెప్పలేదు. దానికి గంట లేదు, దీపం లేదు. చిన్న దీపమొకటి పెడదామనుకున్నాను, మనం విన్నామని తెలిసేలా. కానీ..."

ఎందుకు పెట్టలేదో ఆమె చెప్పలేదు. అతను అడగలేదు.

కంప్యూటర్ చిన్నగా మోగింది. నీళ్లు ట్యాంకు మీద గీత దాటి కిందికి దిగాయి. కూలిబా పేరు ఎదురుగా చుక్క ఎర్రగా మారింది.

నెవిల్ గుట్ట దిగి పరుగెత్తాడు. వెనకాల టామ్సిన్ తెర మూయకుండా గుండెకు పొదువుకుని, రాళ్ల మీద జారుతూ దిగుతోంది. ఆల్బీ పిలిచాడు, వీళ్లు విన్నారు. విన్నారని అతనికి తెలియదు. తెలిసేదాకా ఆ కుళాయి కట్టడు.

"ట్యాంకులో ఎంతుంది?" అని అరిచాడు నెవిల్, బండి తలుపు లాగుతూ.

"పావు," అంది టామ్సిన్. "పావుకి తక్కువ."